స్ఫటికాల గదిలో తనను తాను తెలుసుకున్న కవయిత్రి: ఆడ్రీ లార్డ్

రేడియో ప్రసార యంత్రం తనకు కేటాయించిన తరంగం మీద నుంచి జారిపోకుండా నిలకడగా ఉండటానికి ఆధారం ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికపు పలక. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో రేడియోలకూ, రాడార్లకూ, యుద్ధరంగంలోని వైర్‌లెస్ సాధనాలకూ ఈ పలకలే ఊతం. శ్రోతకు స్వరం వినిపిస్తుంది. ఆ స్వరాన్ని నిలబెట్టిన పలకను ఎవరు కోశారో, ఎవరు కడిగారో ఎక్కడా వినిపించదు. కొరియా యుద్ధం సాగుతున్న రోజుల్లో, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్ పట్టణంలో, ఇటువంటి స్ఫటికాలను సిద్ధంచేసే ఒక కర్మాగారంలో న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక నల్లజాతి యువతి పనికి కుదిరారు. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. చూపు మందం, చేతిలో డబ్బు లేదు, టైపు చేయడం రాదు. కవిత్వం మాత్రం వచ్చు. తరువాతి కాలంలో అమెరికా సాహిత్యంలో నల్లజాతి స్త్రీల స్వరానికి కొత్త బలం చేకూర్చిన ఆడ్రీ లార్డ్ ఆమే.

ఆడ్రీ 1934 ఫిబ్రవరి 18న న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో జన్మించారు. తండ్రి ఫ్రెడరిక్ బైరన్ లార్డ్ కరీబియన్ ద్వీపమైన బార్బడోస్‌కు చెందినవారు. తల్లి లిండా గ్రెనడా దేశంలోని కారియాకూ అనే చిన్న దీవికి చెందిన కుటుంబంలో పుట్టారు. కొంత సొమ్ము కూడబెట్టుకొని స్వస్థలానికి తిరిగి వెళ్లిపోదామన్న తలంపుతో 1924లో న్యూయార్క్ చేరిన ఆ దంపతులను, కొన్నేళ్లకే ముంచుకొచ్చిన ఆర్థిక మాంద్యం అక్కడే కట్టిపడేసింది. ఇళ్ల అద్దెలు, అమ్మకాల వ్యాపారంతో వారు కుటుంబాన్ని నెట్టుకొచ్చారు. ముగ్గురు కుమార్తెలలో ఆడ్రీ కనిష్ఠ పుత్రిక.

పసితనంలో ఆమెకు దగ్గరి వస్తువులు తప్ప మరేమీ కనిపించేవి కావు. చట్టం దృష్టిలో అంధులతో సమానమనదగినంత తీవ్రమైన దృష్టిలోపం అది. మాటలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. నాలుగో ఏట హార్లెమ్‌లోని గ్రంథాలయంలో ఆగస్టా బేకర్ అనే నల్లజాతి గ్రంథపాలకురాలు కథలు చదివి వినిపించడంతో ఆ బాలికలో చదవాలన్న కోరిక మేల్కొంది. మాటలూ అక్షరాలూ దాదాపు ఒకేసారి ఒంటబట్టాయి. తన పేరు చివర తోకలా వేలాడే ఒక అక్షరం ఆమెకు నచ్చలేదు. ఆంగ్లంలో రాసేటప్పుడు ఆ చివరి అక్షరాన్ని చిన్నతనంలోనే తొలగించుకున్నారు. తన పేరును తానే తీర్చుకోవాలన్న పట్టుదల ఆ వయసులోనే ఆమెలో కనిపిస్తుంది.

ఎవరైనా కుశలం అడిగితే ఆమె కంఠస్థం చేసిన ఏదో ఒక కవితను జవాబుగా అప్పజెప్పేవారు. తనకు చెప్పాలనిపించినది ఆ కవితలో ఎక్కడో ఒక పాదంలో ఉండేది. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి తన మనసులోని కొన్ని భావాలకు సరిపడే కవితలు ఎవరి పుస్తకంలోనూ దొరకలేదు. దాంతో తానే రాయడం మొదలుపెట్టారు.

ఇంట్లో వర్ణవివక్ష గురించి మాట్లాడటం ఆనవాయితీ కాదు. తల్లి లిండా ఒంటిచాయ తెలుపుకు దగ్గర. ఆత్మగౌరవంలో ఆమె ఎవరికీ తీసిపోరు. వీధిలో నడుస్తున్నప్పుడు చిన్నారి ఆడ్రీ కోటు మీద ఎవరో ఉమ్మివేసిన సందర్భాలున్నాయి. తల్లి దానిని తుడిచి, గాలికి ఎదురుగా ఉమ్మివేసే మోటు మనుషులని విసుక్కునేవారు. ఆ ఉమ్ము ఉద్దేశపూర్వకంగా తన బిడ్డ మీదనే పడుతోందన్న నిజాన్ని ఆమె పైకి అనలేదు. మార్చలేని దానిని చూడనట్టు ఉండటమే పిల్లలకు రక్షణ అని ఆ తల్లి నమ్మారు. 1947లో ఎనిమిదో తరగతి పూర్తయిన సందర్భంగా కుటుంబం ఆడ్రీని దేశ రాజధాని వాషింగ్టన్‌కు తీసుకువెళ్లింది. రైలు భోజనశాలలో నల్లవారికి చోటులేదు. కారణం చెప్పకుండానే తల్లి ఇంటి నుంచి భోజనం కట్టి తెచ్చారు. రాజధానిలో ఒక దుకాణంలో ఐస్‌క్రీం తినడానికి కూర్చుంటే, అక్కడ కూర్చుని తినడానికి వీల్లేదన్నారు. కుటుంబమంతా మారుమాట లేకుండా లేచి బయటికి వచ్చేసింది. ఇంట్లోవారు మౌనం వహించిన ఆ అవమానం మీద పదమూడేళ్ల బాలిక ఆగ్రహం జీవితాంతం చల్లారలేదు.

ప్రతిభావంతులైన బాలికల కోసం నెలకొల్పిన హంటర్ కళాశాల అనుబంధ ఉన్నత పాఠశాలలో ఆమె చదువు 1951లో ముగిసింది. పాఠశాల పత్రిక తిరస్కరించిన ఆమె ప్రేమకవిత ఒకటి ‘సెవెంటీన్’ అనే ప్రసిద్ధ పత్రికలో అచ్చయింది. ఆ వెంటనే తల్లిదండ్రుల కట్టుదిట్టాల నుంచి దూరంగా, పదిహేడేళ్ల వయసులో ఆమె ఇల్లు విడిచి బయటపడ్డారు. చిల్లర ఉద్యోగాలు చేస్తూ, అద్దె గదుల్లో ఒంటరిగా గడుపుతూ, చివరికి పని దొరుకుతుందన్న ఆశతో స్టామ్‌ఫర్డ్ చేరారు.

ఆ పట్టణంలో గడిపిన రోజులను ఆమె మూడు దశాబ్దాల తరువాత ‘జామి: ఎ న్యూ స్పెల్లింగ్ ఆఫ్ మై నేమ్’ అన్న గ్రంథంలో విపులంగా నమోదుచేశారు. ఉద్యోగం కోసం ఆమె మొదట నల్లవారి సామాజిక కేంద్రానికి వెళ్లారు. వైద్యుని కార్యాలయంలో రిసెప్షనిస్టు వంటి కొలువు దొరకవచ్చన్న ఆమె ఆశ అక్కడే ఆవిరైంది. టైపు రాని నల్లజాతి అమ్మాయికి ఆ ఊరిలో ఫ్యాక్టరీ పని తప్ప మరొకటి దొరకదని తేలిపోయింది. ఆ కేంద్రానికి క్రిస్పస్ అటక్స్ పేరు పెట్టారు. ఆయన ఎవరో ఆడ్రీకి తెలియదు. 1770లో బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పులకు బలైనవారిలో మొదట నేలకొరిగిన వ్యక్తి అటక్స్ అనీ, ఆయన నల్లవాడనీ తరువాత ఒక తోటి కార్మికురాలు చెబితే తెలిసింది. నగరంలోని మేటి పాఠశాల చరిత్ర పాఠాల్లో ఆ పేరు లేదు. ఫ్యాక్టరీ పనివారికి మాత్రం అది సుపరిచితం. తన చదువులో ఎంత భాగాన్ని ఇతరులు ముందే కత్తిరించి ఇచ్చారో ఆ యువతికి మొదటిసారి అర్థమైంది.

మొదట దొరికిన పని ఒక రిబ్బన్ల కర్మాగారంలో. మూడు వారాలు గడిచేసరికి ఆమెను తొలగించారు. పనిలో లోపం చూపలేదు. అక్కడి పద్ధతే అది. నిర్ణీత గడువు దాటిన కార్మికులు సంఘంలో సభ్యులవుతారు. సభ్యులైతే హక్కులు వస్తాయి. కనుక నల్లజాతి పనివారిని ఆ గడువు రాకముందే సాగనంపి, వారి స్థానంలో కొత్తవారిని తీసుకునేవారు. నల్లవారికి పని ఇవ్వలేదన్న మాట రాదు. ఇచ్చిన పని నిలిచేదీ లేదు. తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు అన్న ఫలకం ఒక్కటీ తగిలించకుండానే ఆ ఉత్తరాది పట్టణంలో వివక్ష ఇంత సాఫీగా నడిచింది.

ఆ తరువాత దొరికినదే స్ఫటికాల కర్మాగారం. ముడి క్వార్ట్జ్ బ్రెజిల్ నుంచి వచ్చేది. ప్రభుత్వ కాంట్రాక్టు ప్రకారం దానిని పలుచని పలకలుగా కోసి, సానపట్టి, శుభ్రంచేసి, ఎక్స్‌రే యంత్రాల మీద పరీక్షించి, తరంగానికి తగిన రకాలుగా వేరుచేసేవారు. పెత్తనం చేసే ఒకరిద్దరు తప్ప పనివారంతా నల్లవారో ప్యూర్టోరికో వారో. కోతయంత్రాల వద్ద బురదతో, నూనెతో చెవులు చిల్లులుపడే మోత. కోసిన పలకలను కడిగేది కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రావకంలో. అది కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీసే విషం. రక్షణ కవచం లేని ఎక్స్‌రే యంత్రం నుంచి వెలువడే వికిరణం రోజూ కొద్దికొద్దిగా శరీరంలోకి చేరుతుంది. ఈ రెండింటి సంగతీ పనివారికి ఎవరూ చెప్పలేదు. నల్లజాతి స్త్రీలను మూడు వారాలకు పంపివేయకుండా ఉంచుకోవడం, సంఘంలో చేరనివ్వడం ఆ ఊరిలో అరుదు కనుక, అక్కడి కొలువును అందరూ అదృష్టంగానే భావించేవారు.

ఎక్స్‌రే గదిలోని పనికి ఉత్పత్తిని బట్టి అదనపు భత్యం ఉండేది. నిర్ణయించిన సంఖ్యకు మించి పలకలు పరీక్షించినవారికి ఆ సొమ్ము దక్కేది. ప్రతి పలకకూ రక్షణ కవచం మూసి తెరుస్తూ కూర్చుంటే లెక్క పెరగదు. వేగం కోసం కవచాన్ని వాడకపోవడం అలవాటైంది. దానికితోడు ఆడ్రీ మరో ఉపాయం పన్నారు. కొన్ని పలకలను మేజోళ్లలో దాచి, స్నానాలగదిలోకి తీసుకువెళ్లి మాయంచేసేవారు. అవి పరీక్షించిన లెక్కలోకి చేరిపోయేవి. మెక్సికోకు వెళ్లాలన్న కల కోసం ఆమె ఆ అదనపు డాలర్లను కూడబెట్టారు. ఈ మోసాన్ని ఆమె తన గ్రంథంలో దాచలేదు, దానికి సంజాయిషీ కూడా చెప్పుకోలేదు. సొమ్ము కోసం విషానికి దగ్గరగా కూర్చోక తప్పని స్థితిని మాత్రం ఉన్నదున్నట్టు పాఠకుల ముందుంచారు.

ఆ గదుల్లోనే ఆమెకు తన గురించి మరో సత్యం తెలిసింది. యౌవనారంభం నుంచి స్త్రీల పట్ల తన మనసు మొగ్గుతున్న సంగతి ఆమెకు లీలగా తెలుసు. దానికి పేరు లేదు, మాట్లాడుకునే తోడు లేదు. కర్మాగారంలో పక్కనే పనిచేసే ఒక నల్లజాతి యువతితో స్నేహం కుదిరింది. ఆ స్నేహం ప్రేమగా మారింది. అంతకుముందు ఆమె పరిచయస్తుల్లో ఎక్కువమంది తెల్లవారు, చదువుకున్నవారు. ఇప్పుడు ఆమెను ఆదరించింది చిన్న ఊరి ఫ్యాక్టరీ కార్మికురాలు. చదువుకున్నదాననన్న బెరుకూ బింకమూ రెండూ కరిగిపోయాయి. తన శరీరం సిగ్గుపడవలసినది కాదని, తన ప్రేమ వ్యాధి కాదని ఆమెకు తెలిసివచ్చింది ఆ స్నేహం వల్లనే. అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తొలగించడానికి ఇంకా రెండు దశాబ్దాల కాలం ఉంది.

1953లో తండ్రి మరణించారు. ఆడ్రీ న్యూయార్క్ తిరిగివచ్చారు. ఆ సంవత్సరం అమెరికాలో భయం రాజ్యమేలుతోంది. ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీచేసిన ఉత్తర్వు స్వలింగ ప్రేమికులను కేంద్రప్రభుత్వ కొలువుల నుంచి తొలగించడానికి దారితీసింది. గూఢచర్యం నేరంపై మరణశిక్ష పడిన రోజెన్‌బర్గ్ దంపతులను కాపాడాలంటూ వైట్‌హౌస్ ఎదుట జరిగిన ప్రదర్శనల్లో ఆడ్రీ పాల్గొన్నారు. జూన్ 19న వారిని విద్యుత్ కుర్చీలో మరణానికి గురిచేశారు. సమానత్వం కోసం తనతో కలిసి నినదించిన వామపక్ష సహచరులు కూడా స్వలింగ ప్రేమను బూర్జువా జాడ్యంగా, ఉద్యమానికి ముప్పుగా చూసేవారు. వారి మధ్య ఆమె తన జీవితంలోని ఆ భాగాన్ని దాచుకోవలసి వచ్చింది.

స్త్రీలను ప్రేమించే స్త్రీలు గుమిగూడే గ్రీనిచ్ విలేజ్ బార్లలో ఈ భాగాన్ని దాచవలసిన పని లేదు. అక్కడ మరో భాగం అడ్డువచ్చింది. ఆమెతో వచ్చిన తెల్లజాతి స్నేహితురాళ్లు వయసులో చిన్నవారైనా నేరుగా లోపలికి వెళ్లేవారు. ద్వారం దగ్గర వయసు ధ్రువీకరణ చూపమని ఆపేది ఆడ్రీనే. లోకం మనందరినీ ఒకేలా వెలివేసింది కదా అని తెల్ల స్నేహితురాళ్లు అనుకునేవారు. వెలిలోనూ అంతరాలున్నాయని ఆమె అనుభవం చెప్పింది. ఆ బార్లకు వచ్చే నల్లజాతి స్త్రీలు వేళ్ల మీద లెక్కించదగినంతమంది. వారు ఒకరినొకరు పలకరించుకోవడానికి కూడా జంకేవారు. నల్లవారి మధ్య స్త్రీప్రేమ గురించి మౌనం, తెల్లవారి మధ్య నల్లదనం గురించి మౌనం, కార్మికుల మధ్య కవిత్వం గురించి మౌనం. ఎక్కడికి వెళ్లినా తనలోని ఏదో ఒక అంశాన్ని గడప బయట వదిలి రావలసిన స్థితి అది.

1954లో కూడబెట్టిన సొమ్ముతో ఆమె మెక్సికో వెళ్లి అక్కడి జాతీయ విశ్వవిద్యాలయంలో కొన్ని నెలలు చదివారు. వీధుల్లో ఎటుచూసినా గోధుమ, నలుపు ఛాయల మనుషులు. ఎవరూ తనను ఎగాదిగా చూడని చోట ఆమె తలెత్తి నడవడం నేర్చుకున్నారు. పాఠశాలల్లో వర్ణవిభజన రాజ్యాంగ విరుద్ధమని మే 17న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వార్త ఆమెకు అక్కడే తెలిసింది. క్వెర్నవాకా పట్టణంలో, రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న ఒక ప్రౌఢ అమెరికన్ పాత్రికేయురాలు ఆమెకు సన్నిహితురాలయ్యారు. శరీరంపై ఉన్న ఆ మచ్చను దాచుకోని ఆ స్త్రీ ధైర్యం ఆడ్రీకి ఇరవై నాలుగేళ్ల తరువాత అక్కరకు రానుంది.

తిరిగివచ్చాక ఆమె పగలు పనిచేస్తూ హంటర్ కళాశాలలో చదివి 1959లో పట్టభద్రులయ్యారు. 1961లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి గ్రంథాలయ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టం పొంది, మౌంట్ వెర్నన్ ప్రజా గ్రంథాలయంలో చేరారు. తనకు అక్షరాలిచ్చిన వృత్తినే ఆమె చేపట్టారన్నమాట. 1962లో న్యాయవాది ఎడ్విన్ రోలిన్స్‌ను వివాహమాడారు. ఆయన తెల్లవారు. వారికి ఎలిజబెత్, జోనథన్ అనే ఇద్దరు సంతానం. ఆ దాంపత్యం 1970లో విడాకులతో ముగిసింది.

1968 ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. తొలి కవితాసంపుటి ‘ది ఫస్ట్ సిటీస్’ ఆ ఏడాది వెలువడింది. మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థులు చదివే టౌగలూ కళాశాలకు ఆమె ఆస్థాన కవయిత్రిగా వెళ్లారు. దక్షిణాదిలో వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం మీద హింస కొనసాగుతున్న కాలమది. అంతవరకు గ్రంథాలయ బల్ల వెనుక నిలబడిన వ్యక్తి మొదటిసారి తరగతి గదిలో నిలబడి, యువతీయువకుల ఎదుట కవిగా మాట్లాడారు. తన పని బోధనేనని ఆమెకు అక్కడ స్పష్టమైంది. మనోవిజ్ఞాన ఆచార్యురాలు ఫ్రాన్సిస్ క్లేటన్ పరిచయమైనదీ అక్కడే. వారిద్దరూ న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలాండ్‌లో ఒక ఇంట్లో కలిసి జీవిస్తూ పిల్లలను పెంచారు.

1970 నుంచి ఆమె జాన్ జే క్రిమినల్ జస్టిస్ కళాశాలలో బోధించారు. పోలీసు ఉద్యోగులు ఎక్కువగా చదివే సంస్థ అది. నల్లవారి మీద లాఠీ ఎత్తే వ్యవస్థకు చెందినవారికే ఆమె వర్ణవివక్ష గురించి పాఠాలు చెప్పారు. అక్కడ నల్లజాతి అధ్యయన విభాగం ఏర్పడాలని పోరాడినవారిలో ఆమె ఒకరు. ఆ రోజుల్లో ఆమె వ్యక్తిగత జీవితం గురించి కళాశాలలో గుసగుసలు బయలుదేరాయి. ఆమె మాట విలువ తగ్గించడానికి సాటి నల్లవారు కొందరు కూడా దానిని వాడుకోజూశారు. అంతకుముందు ఆమె స్త్రీప్రేమ కవిత ఒకదానిని, అందులో మాట్లాడేది పురుషుడేమో అని ప్రచురణకర్త సందేహించడంతో సంపుటి నుంచి తప్పించవలసి వచ్చింది. అదే కవిత ‘మిస్’ పత్రికలో అచ్చయినప్పుడు, ఆమె ఆ పుటను తీసుకువచ్చి ఆంగ్లశాఖ గోడకు అందరికీ కనిపించేలా అతికించారు. దాచిపెట్టినది ఇతరుల చేతిలో ఆయుధమవుతుంది. గోడ మీద పెట్టినదాన్ని ఎవరూ ఆయుధంగా ఎత్తలేరు. స్టామ్‌ఫర్డ్ నుంచి ఆ గోడ వరకు రావడానికి ఆమెకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

1974లో జాతీయ పుస్తక పురస్కారానికి పరిశీలనలో నిలిచినవారిలో ఆడ్రీ లార్డ్, ఏలిస్ వాకర్, ఏడ్రియన్ రిచ్ ఉన్నారు. ఎవరికి వచ్చినా స్త్రీలందరి పక్షాన కలిసి స్వీకరించాలని ముగ్గురూ ముందే నిశ్చయించుకున్నారు. పురస్కారం పొందిన రిచ్ ఆ మాట నిలుపుకొన్నారు. 1978లో ‘ది బ్లాక్ యూనికార్న్’ వెలువడింది. పశ్చిమాఫ్రికా పురాణదేవతలు ఆ కవితల్లో కొత్తగా ఊపిరి పోసుకున్నారు.

అదే ఏడాది ఆమెకు రొమ్ము క్యాన్సర్ సోకినట్లు తేలింది. ఒక రొమ్మును తొలగించారు. శస్త్రచికిత్స తరువాత కృత్రిమ అవయవం ధరించకుండా వైద్యుని వద్దకు వెళితే, అది లేకుండా వస్తే ఇతర రోగుల మనోధైర్యం దెబ్బతింటుందని అక్కడి నర్సు మందలించారు. యుద్ధంలో కన్ను పోగొట్టుకున్న ఇజ్రాయెల్ సేనాని మోషే దయాన్ కంటికి నల్లపట్టీ కట్టుకుంటే వీరుడని గౌరవించే లోకం, స్త్రీ మచ్చను మాత్రం ఎందుకు దాచమంటుందని ఆమె 1980లో ప్రచురించిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’లో ప్రశ్నించారు. మౌనం ఎవరినీ కాపాడలేదన్నది ఆమె జీవితం నుంచి తీసిన సారం. కోటు మీది ఉమ్మును తుడిచిన తల్లి మౌనం, విషం సంగతి చెప్పని కర్మాగారపు మౌనం, వ్యాధిని దాచమనే వైద్యశాల మౌనం ఆమెకు ఒకే గొలుసులోని కడియాలుగా కనిపించాయి.

1979 సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఒక స్త్రీవాద సదస్సులో, పేద స్త్రీలకు, నల్లజాతి స్త్రీలకు, స్త్రీలను ప్రేమించే స్త్రీలకు నామమాత్రపు చోటు ఇచ్చిన నిర్వాహకులను ఆమె వేదిక మీదనే నిలదీశారు. యజమాని పనిముట్లతో యజమాని భవనాన్ని కూల్చలేమన్న భావం ప్రచారంలోకి వచ్చింది ఆ ప్రసంగం నుంచే. మరుసటి ఏడాది బార్బరా స్మిత్ తదితరులతో కలిసి శ్వేతేతర స్త్రీల రచనల కోసం ఒక ప్రచురణ సంస్థను స్థాపించారు. ‘కిచెన్ టేబుల్’ అని దానికి పేరు పెట్టారు. 1983లో వాషింగ్టన్ మహాప్రదర్శన ఇరవయ్యో వార్షికోత్సవ సభలో స్వలింగ ప్రేమికుల పక్షాన మాట్లాడే అవకాశం ఆమెకు దక్కింది. పౌరహక్కుల వేదిక మీద ఆమె తన పూర్తి పరిచయంతో నిలిచిన రోజది.

1982లో వచ్చిన ‘జామి’ని ఆమె ఆత్మకథ అనలేదు. జీవితాన్నీ చరిత్రనూ పురాణాన్నీ కలిపి అల్లిన రచన అని దానికి కొత్త పేరు పెట్టుకున్నారు. కలిసి పనిచేస్తూ, స్నేహితులుగా ప్రేమికులుగా మెలిగే స్త్రీలను తన తల్లి పుట్టిన కారియాకూ దీవిలో ఆ మాటతో పిలుస్తారని ఆమె వివరించారు. కలిసి పనిచేయడం అన్న అంశం ఆ నిర్వచనంలో ముందుండటం గమనించదగినది. తనను ఇంత కాలం విడదీసి చూసిన పనిచోటునే ఆమె తన పేరుకు పునాదిగా మార్చుకున్నారు.

1984లో బెర్లిన్‌లోని ఫ్రీ విశ్వవిద్యాలయానికి అతిథి ఆచార్యులుగా వెళ్లారు. జర్మనీలో పుట్టి పెరిగిన నల్లజాతి స్త్రీలు అక్కడ ఒకరికొకరు తెలియకుండా ఒంటరిగా బతుకుతుండటం చూశారు. మే ఆయిమ్ వంటి యువ రచయిత్రులను కూడగట్టి, వారి అనుభవాలు వారే రాయాలని ప్రోత్సహించారు. 1986లో వెలువడిన ‘ఫార్బే బెకెన్నెన్’ గ్రంథం ఆ ప్రోత్సాహ ఫలం. ఆఫ్రో జర్మన్ అన్న గుర్తింపు బలపడటంలో దాని పాత్ర పెద్దది.

అదే 1984లో క్యాన్సర్ ఆమె కాలేయానికి వ్యాపించినట్లు వైద్యులు చెప్పారు. మూడు దశాబ్దాల కిందటి ద్రావకానికీ, వికిరణానికీ ఈ వ్యాధితో సంబంధం ఉందో లేదో ఒక్క వ్యక్తి విషయంలో తేల్చిచెప్పడం వైద్యశాస్త్రానికి సాధ్యం కాదు. విషం గురించి ముందుగా చెప్పివుంటే ఎంచుకునే హక్కు ఆ యువతులకు ఉండేదన్నది మాత్రం నిర్వివాదం. ఆమె చివరి సంవత్సరాలను కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ ద్వీపంలో విద్వాంసురాలు గ్లోరియా జోసెఫ్ సాహచర్యంలో గడిపారు. 1991లో న్యూయార్క్ రాష్ట్ర కవిగా నియమితులయ్యారు. మరణానికి కొద్దికాలం ముందు ఆఫ్రికన్ సంప్రదాయం ప్రకారం గాంబా అదిసా అన్న పేరు స్వీకరించారు. తన భావాన్ని లోకానికి తెలియజేసే యోధురాలు అని దాని అర్థం. 1992 నవంబరు 17న, 58 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

ఆమె స్టామ్‌ఫర్డ్‌లో పనిచేసిన నాటికి ఆమెను కాపాడే కేంద్రప్రభుత్వ చట్టమేదీ లేదు. వర్ణం కారణంగా, లింగం కారణంగా కొలువులో వివక్ష చూపరాదని అమెరికా 1964లో పౌరహక్కుల చట్టం చేసింది. అయినా 1976లో ఒక కార్ల తయారీ సంస్థపై ఐదుగురు నల్లజాతి కార్మికురాళ్లు వేసిన దావాలో, వర్ణవివక్షనూ లింగవివక్షనూ కలిపి ఒక్క ఫిర్యాదుగా విచారించడానికి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం నిరాకరించింది. ఆ సంస్థ నల్లజాతి పురుషులకూ తెల్లజాతి స్త్రీలకూ పని ఇచ్చింది కనుక, నల్లజాతి స్త్రీల గోడు ఏ గడిలోనూ ఇమడలేదు. ఆ లోపాన్ని విశ్లేషిస్తూ 1989లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ప్రతిపాదించిన ఖండన సిద్ధాంతం నేడు ప్రపంచమంతటా స్త్రీవాద అధ్యయనాల్లో పాఠ్యాంశం. స్వలింగ ప్రేమ కారణంగా ఉద్యోగం నుంచి తొలగించడం కూడా 1964 చట్టానికి విరుద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు ప్రకటించేసరికి 2020 జూన్ 15 వచ్చింది. ఒక్క మనిషిని పూర్తిగా చూడటానికి ఆ చట్టానికి 56 ఏళ్లు పట్టిందన్నమాట. అదే పనిని ఆడ్రీ లార్డ్ తన కోసం తానే, ఎవరి తీర్పుకూ ఎదురుచూడకుండా పూర్తిచేసుకున్నారు.

న్యూయార్క్‌లో ఒక ఆరోగ్యకేంద్రం ఆమె పేరు మీదుగా నడుస్తోంది. పిల్లలతో కలిసి నివసించిన స్టేటెన్ ఐలాండ్ ఇంటిని 2019లో నగరపాలక సంస్థ చారిత్రక కట్టడంగా గుర్తించింది. పగలు పనిచేస్తూ ఆమె చదువుకున్న, తరువాత ఆచార్యురాలిగా పాఠాలు చెప్పిన హంటర్ కళాశాల పక్క వీధి మలుపుకు 2022లో ఆమె పేరు పెట్టారు. చిన్ననాడు తన చేత్తో తాను తీర్చుకున్న ఆ పేరే, చివరి అక్షరం తొలగించిన రూపంలోనే, నేడు ఆ ఫలకం మీద ఉంది.